చెయ్యి వణుకుతోందంటే ముందు ఆ లేచిపోయిన గోరు సంగతి చూడు

ప్రశ్న: అక్కా నమస్తే. మాది తెనాలి. ఇంటర్ అయినప్పట్నుంచి పెళ్లిళ్లకి ఫంక్షన్లకి మెహందీ పెడుతున్నా, మంచి పేరే ఉంది. ఈ మధ్య పెళ్లికూతుళ్లందరూ నెయిల్స్ కూడా చేస్తావా అని అడుగుతుంటే విజయవాడ వెళ్లి నెల రోజుల కోర్సు చేశా, కిట్ కొన్నా. చెల్లికి, పక్కింటివాళ్లకి పెడితే బానే వచ్చాయి. కానీ డబ్బులు తీసుకుని జెల్ పాలిష్ వేసిన మొదటి ఆవిడకే మూడు గంటలు పట్టింది, నాలుగో రోజుకి రెండు గోళ్ల మీద జెల్ లేచిపోయింది, వచ్చి అందరి ముందు "ఇంకా నేర్చుకోవాలమ్మా నువ్వు" అనేసి వెళ్లింది. అప్పట్నుంచి ఎవరి వేలు పట్టుకున్నా చెయ్యి వణుకుతోంది, వచ్చినవాళ్లని ఏదో సాకు చెప్పి పంపేస్తున్నా. మెహందీ కోన్ పట్టుకుంటే మాత్రం వణకదు. అడ్వాన్స్‌డ్ కోర్సు చేస్తే ధైర్యం వస్తుందంటున్నారు, 40 వేలు అడుగుతున్నారు. అత్తయ్యేమో ఉన్న మెహందీ చాలదా అంటోంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం: చెల్లీ, నీ ఉత్తరం మొత్తంలో నాకు పట్టుకున్న మాట ఒకటే, మెహందీ కోన్ పట్టుకుంటే వణకదు అన్నావు చూడు, అది. అంటే నీ చేతిలో ఏ లోపం లేదు. జెల్ బ్రష్ కంటే సన్నటి గీత కోన్‌తో గియ్యాలి, అదీ పెళ్లికూతురు కదులుతూ ఫోన్ మాట్లాడుతూ చుట్టూ పదిమంది చూస్తుండగా, అక్కడ వణకని చెయ్యి ఇక్కడ వణుకుతోందంటే తేడా చేతిది కాదు. మెహందీలో గీత పక్కకి పోతే ఏం చెయ్యాలో నీకు తెలుసు, వెంటనే తుడిచేస్తావు లేదా దాన్నే ఆకు చేసేస్తావు, రంగు సరిగ్గా పండకపోతే ఎందుకు పండలేదో కూడా చెప్పగలవు, త్వరగా కడిగేసుకుందనో కోన్ పాతదనో. గోరు లేచిపోతే ఎందుకు లేచిందో మాత్రం నీకు తెలీలేదు. ఆవిడ వచ్చి అడిగినప్పుడు నీ దగ్గర సమాధానం లేదు, ఆ లేకపోవడమే ఇప్పుడు వణుకై కూర్చుంది. కాబట్టి ధైర్యం ఎలా తెచ్చుకోవాలి అన్నది పక్కన పెట్టి, ఆ రెండు గోళ్లు ఎందుకు లేచాయి అన్నదానితో మొదలుపెడదాం, మిగతాది దాని వెనకే వస్తుంది.

జెల్ ఎక్కడ లేచిందో చూస్తే ఏం తప్పు జరిగిందో దాదాపు తెలిసిపోతుంది, ఇది కోర్సుల్లో చాలామంది చెప్పరు. వెనకవైపు, అంటే క్యూటికల్ (గోరు మొదట్లో అంటుకుని ఉండే చర్మం) దగ్గర లేచిందనుకో, రెండే కారణాలు ఎక్కువ, ఒకటి జెల్ చర్మానికి తగిలి అక్కడే క్యూర్ అయిపోవడం, అంటే ల్యాంప్ లైటుకి గట్టిపడిపోవడం, రెండోది గోరు మీద అంటుకుని ఉండే ఆ పల్చటి చచ్చిపోయిన తోలు పూర్తిగా తీయకుండా దాని మీదే బేస్ కోట్ (రంగు కంటే ముందు వేసే అడుగు పొర) వేసేయడం. ఆ తోలు మామూలుగా చూస్తే కనపడదు, గోరు రంగులోనే ఉంటుంది, క్యూటికల్ వెనక్కి నెట్టాక లైటు పక్క నుంచి పడేలా వేలు తిప్పి చూడు, మెరిసే గోరు మీద ఒక మసక పొర తెలుస్తుంది. దాని మీద వేసిన జెల్ గోరుకి అంటుకోలేదు, తోలుకి అంటుకుంది, ఆ తోలు ఊడినప్పుడు జెల్ కూడా ఊడుతుంది. పక్కల నుంచి లేస్తే ఆ మూలల్లో బఫర్ (గోరుని రుద్దే గరుకు దిమ్మ) తిరగలేదని, డస్ట్ మిగిలిందని అర్థం, బొటనవేలికి ఇది ఎక్కువ జరుగుతుంది ఎందుకంటే దాని గోరు వంపు ఎక్కువ, పైగా ల్యాంప్‌లో నాలుగు వేళ్లతో కలిపి పెడితే బొటనవేలు పక్కకి తిరిగిపోయి లైటు సరిగ్గా పడదు, అందుకే బొటనవేళ్లు రెండూ విడిగా క్యూర్ చెయ్యమంటారు. చివర నుంచి పెచ్చులా లేస్తే గోరు అంచుకి జెల్ తిప్పలేదని, దాన్నే క్యాప్ చెయ్యడం అంటారు కదా, బేస్, కలర్, టాప్ మూడిటికీ చెయ్యాలి. గోరు మొత్తం మీద నుంచి ఒకే రేకులా ఊడి వచ్చేస్తే అది వేరే కథ, గోరు మీద నూనె ఉండిపోయి ఉండాలి, లేదంటే జెల్ లోపల సరిగ్గా క్యూర్ అవ్వలేదు.

నీ కస్టమర్‌కి ఎక్కడ లేచిందో నువ్వు రాయలేదు, ఫోటో ఉంటే తీసి చూడు. ఆవిడ తలకి నూనె పెట్టుకునే మనిషా, వంటిల్లంతా ఆవిడ మీదేనా, వేసుకున్న రోజే గిన్నెలు తోమిందా, ఇవన్నీ కూడా కారణం కావచ్చు, కానీ ముందు మన వైపు చూసుకుని తర్వాతే అటు వెళ్లాలి. పది గోళ్లలో ఎనిమిది బాగున్నాయి, రెండే లేచాయి అంటే నీ బాటిళ్లలో గాని ల్యాంప్‌లో గాని తేడా ఉండే అవకాశం తక్కువ, ఉంటే ఇంకా ఎక్కువ గోళ్లు లేచేవి. ఆ రెండు వేళ్ల మీద ప్రెప్ (జెల్ వేసే ముందు గోరుని సిద్ధం చేసే పని) గాని, జెల్ వేసిన తీరు గాని సరిగ్గా పడి ఉండదు, అంతే, అదేదో పెద్ద చదువు చదివితే గాని సరికాని విషయం కాదు.

ప్రెప్ గురించి ఇంకొంచెం చెప్తా, ఎందుకంటే కొత్తవాళ్లందరూ కలర్ మీద కూర్చుని ప్రెప్‌ని తొందరగా దాటేస్తారు. చేతులు కడిగించాక గోళ్లని నీళ్లలో నానబెట్టకు, మానిక్యూర్‌లో నానబెట్టే అలవాటు మనకి చాలా పార్లర్లలో ఉంది, జెల్‌కి మాత్రం అది పనికిరాదు, గోరు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, తర్వాత ఆరి ముడుచుకుంటుంది, పైన వేసిన జెల్ దాంతోపాటు కదలలేక వదిలేస్తుంది. పొడిగానే క్యూటికల్ నెట్టి, తోలు తీసి, 180 గాని 240 గాని గ్రిట్ (గరుకుదనం నంబరు) ఉన్న బఫర్‌తో మెరుపు పోయేంత వరకే రుద్దు, అంతకంటే వద్దు, గోరు వేడెక్కినట్టు ఉందని కస్టమర్ అంటే అప్పటికే ఎక్కువ అయిందని లెక్క. డస్ట్ బ్రష్‌తో దులిపి, నూగు రాలని వైప్‌తో ఆల్కహాల్ గాని డీహైడ్రేటర్ (గోరు మీది తడి, నూనె తీసేసే ద్రవం) గాని తుడిచాక ఇంక ఆ గోరుని నీ వేలితో కూడా ముట్టుకోకూడదు, కస్టమర్ జుట్టు సర్దుకోకూడదు, ముఖం తుడుచుకోకూడదు, ఇది ముందే నవ్వుతూ చెప్పేయాలి. మే నెలలో మన తెనాలి ఎండలకి అరచేతులు చెమట పట్టేవాళ్లకి ఒక చెయ్యి పూర్తిగా అయ్యాకే రెండో చెయ్యి ప్రెప్ మొదలుపెట్టు, రెండు చేతులూ ముందే తుడిచేసి పెడితే రెండోదాని దగ్గరికి వచ్చేసరికి మళ్లీ తడి చేరిపోతుంది.

ఇక ఆ వణుకు. కోన్ పట్టుకున్నప్పుడు నీ చిటికెనవేలు ఎక్కడ ఉంటుందో ఒకసారి గమనించు, కస్టమర్ అరచేతి మీద ఆని ఉంటుంది, నీకు తెలీకుండానే. బ్రష్ పట్టుకున్నప్పుడు అదే చిటికెనవేలు గాల్లో ఉంటోందని నా అనుమానం. రెండు మోచేతులూ టేబుల్ మీద ఆన్చు, కస్టమర్ వేలిని ఎడమ చేతి బొటనవేలు చూపుడువేలి మధ్య పక్కల నుంచి గట్టిగా పట్టుకో, కుడి చిటికెనవేలిని నీ ఎడమ చేతి మీద ఆనించు, అప్పుడు రెండు చేతులూ కలిసి కదులుతాయి, వణికినా కలిసే వణుకుతాయి కాబట్టి గీత చెడదు. బ్రష్‌ని ఒక వైపు బాటిల్ అంచుకి పూర్తిగా తుడిచి రెండో వైపు చిన్న బొట్టంత ఉంచు, దాన్ని గోరు మధ్యలో పెట్టి నెమ్మదిగా వెనక్కి క్యూటికల్ వైపు నెట్టు, చర్మానికి వెంట్రుకవాసి దూరంలో ఆపు, అక్కణ్నుంచి ముందుకి లాగు. పక్కలకి వెళ్లేటప్పుడు బ్రష్ తిప్పకు, వాళ్ల వేలిని తిప్పు. చర్మానికి తగిలిందా, క్యూర్ చెయ్యకముందే సన్న బ్రష్‌ని ఆల్కహాల్‌లో ముంచి తుడిచేయి, ల్యాంప్‌లో పెట్టనంత వరకు, ఎండ తగలనంత వరకు ఆ జెల్ నీ మాట వింటూనే ఉంటుంది, నిదానంగా సర్దుకోవచ్చు. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే సగం భయం పోతుంది, మామూలు నెయిల్ పాలిష్ అయితే ఆరిపోతుందని కంగారు, జెల్‌కి ఆ కంగారు లేదు.

పల్చగా రెండు కోట్లు వెయ్యి, మందంగా ఒకటి కాదు. తెలుపు, నలుపు, బాగా ముదురు రంగులు లైటుని లోపలికి వెళ్లనివ్వవు, మందంగా వేస్తే పైన గట్టిపడి కింద పచ్చిగా ఉండిపోయి ముడతలు పడతాయి, కొత్తగా ఉన్నన్నాళ్లు ఆ రంగులు నువ్వే కాస్త దూరం పెట్టు, కాస్త షిమ్మర్ ఉన్న పింక్ లాంటివి ముందుకు పెట్టు, చిన్నచిన్న తేడాలు వాటిలో కనపడవు. ఎక్స్‌టెన్షన్లకి (గోరుని పొడుగు చేయడానికి) మందపాటి బిల్డర్ జెల్ వేసినప్పుడు ల్యాంప్‌లో చురుక్కుమని వేడి పుడుతుంది, అది జెల్ గట్టిపడేటప్పుడు పుట్టే వేడే, చెయ్యి బయటికి తీసి కొన్ని సెకన్లు ఆగి మళ్లీ పెట్టమని చెప్పు, ఇది కూడా ముందే చెప్పాలి, చెప్పకుండా జరిగితే వాళ్లు ఉలిక్కిపడతారు, వాళ్లని చూసి నువ్వు ఉలిక్కిపడతావు.

మూడు గంటలు పట్టిందన్నావు. పడుతుంది, దాని గురించి ఇప్పుడు అస్సలు బాధపడకు, స్పీడ్ కోసం తొందరపడితే మళ్లీ ప్రెప్పే దెబ్బతింటుంది. కాకపోతే ఆ మూడు గంటలు ఎక్కడికి పోతున్నాయో ఒకసారి ఫోన్ స్టాండ్‌కి పెట్టి వీడియో తీసుకుని చూడు, చాలామందికి సగం టైమ్ షేడ్ సెలెక్షన్‌లో, సామాన్లు వెతుక్కోవడంలో, ఒకే గోరుని పదిసార్లు దిద్దడంలో పోతుంది. కస్టమర్‌కి మాత్రం రెండున్నర మూడు గంటలు పడుతుందని ముందే చెప్పు, చెప్పి కూర్చోబెట్టిన మూడు గంటలు ఒకలా ఉంటాయి, చెప్పకుండా గడిచిన మూడు గంటలు ఇంకోలా ఉంటాయి.

చెప్పడం అన్నాను కాబట్టి ఇంకోటి. కొత్తగా మొదలుపెట్టానని దాచకు. నీ మెహందీ కస్టమర్లకి నువ్వు తెలుసు, వాళ్లకి "నెయిల్స్ కొత్తగా చేస్తున్నానండి, మెటీరియల్ డబ్బులిస్తే చాలు, వారంలోపు ఏ గోరు లేచినా ఫ్రీగా సరిచేస్తా, లేవకపోయినా రెండు వారాల తర్వాత ఒక ఫోటో పంపండి" అని చెప్పి చూడు, కాదనేవాళ్లు తక్కువే ఉంటారు. ఆ రెండు వారాల ఫోటోలే నీకు అసలైన కోర్సు. రీల్స్‌లో కనపడే గోళ్లన్నీ టాప్ కోట్ వేసి క్యూటికల్ ఆయిల్ రాసిన ఆ నిమిషంలో రింగ్ లైట్ కింద తీసినవి, పదిహేను రోజులు పప్పన్నం కలిపిన తర్వాత ఎలా ఉన్నాయో ఎవరూ పెట్టరు, నీ పని వాటితో పోల్చుకుని కుంగిపోవద్దు, నీ పోయిన నెల ఫోటోతో పోల్చుకో. ప్రతి మనిషికీ ఒక పేజీ రాసుకో, ఏ బేస్, ఏ కలర్, ఎంతసేపు క్యూర్, ఏ వేలు ఎక్కడ లేచింది. కొన్నాళ్లకి ఒకే చోట తప్పు మళ్లీ మళ్లీ కనపడుతుంది, అది బొటనవేలే అవ్వొచ్చు.

మొదటి కొన్ని నెలలు ఒకటే పని చెయ్యమంటా, కస్టమర్ సొంత గోరు మీదే, ఏమీ అతికించకుండా, ఒకే రంగు జెల్ పాలిష్, పొట్టి గోళ్లు. ఎక్స్‌టెన్షన్లు, ఓంబ్రే, త్రీడీ పూలు, స్టోన్లు ఏవీ వద్దు. ఇవి నిలబడుతున్నాయి అని నీకు నమ్మకం కుదిరాక సాఫ్ట్ జెల్ టిప్స్‌కి (గోరు మీద అతికించే పొడుగు గోళ్లకి) వెళ్లు, అక్కడ ఎపెక్స్ (గోరు మీద అన్నిటికంటే ఎత్తుగా ఉండాల్సిన చోటు), స్ట్రెస్ ఏరియా (ఎక్కువ ఒత్తిడి పడే చోటు) అనే కొత్త పాఠం మొదలవుతుంది, గోరు మధ్యలో ఎత్తు లేకపోతే పొడుగు టిప్ కూరగాయల సంచి పట్టుకున్నంత మాత్రాన విరుగుతుంది, గోరు మొదలు దాకా నొప్పి పుడుతుంది. మిషన్ ఫైల్ (కరెంటుతో తిరిగే ఫైల్) సంగతి ఇంకా తర్వాత, అది ముందు ప్రాక్టీస్‌కి వాడే బొమ్మ చెయ్యి మీద, విడి టిప్స్ మీద పట్టు దొరికేదాకా మనిషి గోరు మీద పెట్టకు, ఒకే చోట ఆగితే గోరు మీద ఎర్రటి గాడి పడుతుంది, గోరు నెలకి దాదాపు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి ఆ గాడి నెలల తరబడి ఆ మనిషి కళ్ల ముందు ఉంటుంది.

ఒక విషయంలో మాత్రం భయపడాలి, అది నేను గట్టిగా చెప్తా. పచ్చి జెల్ చర్మానికి తగలనివ్వకు, వాళ్లదీ కాదు నీదీ కాదు. చాలా జెల్స్‌లో హేమా (HEMA) అనే పదార్థం ఉంటుంది, అది మళ్లీ మళ్లీ చర్మానికి తగిలితే ఎలర్జీ వస్తుంది, గోళ్ల చుట్టూ దురద, చిన్న నీటి పొక్కులు, ఒక్కోసారి కనురెప్పల మీద కూడా, ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. పళ్ల డాక్టర్లు నీలం లైటు పెట్టి గట్టిపరిచే ఫిల్లింగులు కూడా ఇదే కుటుంబం పదార్థాలతో చేసినవి, అందుకని ఆ ఎలర్జీ వచ్చినవాళ్లకి అక్కడా ఇబ్బంది కావచ్చు. యూరప్‌లో హేమా ఉన్న గోళ్ల ఉత్పత్తుల మీద ప్రొఫెషనల్ వాడకానికి మాత్రమే అని రాయాలన్న రూల్ 2021 నుంచి ఉంది. నువ్వు రోజూ అదే పనిలో ఉంటావు, అందరికంటే నీకే రిస్క్ ఎక్కువ, నైట్రైల్ గ్లౌజులు వేసుకో, డస్ట్‌కి మాస్క్, కిటికీ తెరిచి ఉంచు, బాటిల్ మెడకి కారిన జెల్‌ని వేలితో తుడిచే అలవాటు ఉంటే ఈ రోజే మానెయ్. ల్యాంప్, జెల్ వీలైనంత వరకు ఒకే కంపెనీవి వాడు, కంపెనీ చెప్పిన టైమ్ పూర్తిగా పెట్టు. ఇంకోటి, కస్టమర్లు "జెల్ బ్యాన్ చేశారట కదా" అని అడుగుతారు, బ్యాన్ అయింది జెల్ మొత్తం కాదు, టీపీఓ (TPO) అనే ఒక పదార్థం, లైటుకి జెల్ గట్టిపడేలా చేసేది, యూరప్ దాన్ని 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో వాడొద్దంది, అది లేని జెల్స్ దొరుకుతున్నాయి, నీ బాటిళ్ల లేబుల్ చదివి పెట్టుకో. ఇలాంటి ప్రశ్నకి తడుముకోకుండా సమాధానం చెప్పిన రోజు నీ మీద నీకు, నీ మీద వాళ్లకి ఎంత నమ్మకం పెరుగుతుందో చూడు.

గోరు పచ్చగా గాని నల్లగా గాని మారి ఉన్నా, మందంగా పొడి రాలుతున్నా, గోరు కిందనుంచి విడిపోయి ఉన్నా, చుట్టూ వాచి ఉన్నా వెయ్యనని చెప్పి చర్మం డాక్టర్ దగ్గరికి పంపు. వద్దు అని చెప్పడం కూడా పనిలో భాగమే, డబ్బు పోతుందేమో అనుకోకు. ఫైళ్లు, బఫర్లు ఒకరివి ఇంకొకరికి వాడకు, ఇనుప సామాన్లు కడిగి, డిసిన్ఫెక్ట్ చేసి గాని రెండో మనిషికి పట్టకు.

ఇప్పుడు 40 వేల సంగతి. ఇప్పుడు వద్దు. అడ్వాన్స్‌డ్ అని చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఆర్ట్, అక్రిలిక్, షేపులే ఉంటాయి, నీ సమస్య వాటిలో దేంట్లోనూ లేదు. ఆ 40 వేలలో చిన్న భాగంతో మంచి బేస్, నమ్మకమైన ల్యాంప్, సరిపడా ఫైళ్లు, ప్రాక్టీస్‌కి ఒక సిలికాన్ బొమ్మ చెయ్యి కొనుక్కో. ఆరేడు నెలల తర్వాత నీ నోట్ బుక్ చూస్తే నీకు ఏం రావట్లేదో నీకే కచ్చితంగా తెలుస్తుంది, అప్పుడు ఆ ఒక్కటి నేర్పే మనిషిని వెతుక్కుని ఒకట్రెండు రోజులు పక్కన కూర్చుని నేర్చుకో, నువ్వు చేస్తుంటే వాళ్లు చూసి దిద్దేలా ఉండాలి, వాళ్లు చేస్తుంటే నువ్వు చూసేది కాదు.

అత్తయ్యగారికి కూడా ఒక మాట చెప్పొచ్చు, మెహందీ వదిలేస్తున్నావని ఆవిడ అనుకుంటున్నారేమో, నిజానికి నీకు దొరికిన పెద్ద వీలే ఆ మెహందీ. బ్రైడల్ నెయిల్స్ చేసే చాలామందికి మెహందీ తెలీదు, నీకు రెండూ తెలుసు. ముందు మెహందీ పెట్టి, అది పూర్తిగా పండాక మర్నాడు గోళ్లు చెయ్యి, ముందే గోళ్లు చేసి తర్వాత మెహందీ పెడితే లేత రంగు జెల్‌కి మరక పడుతుంది. ఆల్కహాల్ వైప్ గోరు దాటి వేలి చివరకి తగలకుండా చూసుకో, తగిలితే అక్కడ ఎరుపు త్వరగా తగ్గొచ్చు. లవంగ నూనె, యూకలిప్టస్ నూనె రాసుకుని వస్తారు కాబట్టి ఆ గోళ్లకి డీహైడ్రేటర్ రెండుసార్లు పట్టినా తప్పులేదు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుని ఎర్రగా ఉన్న గోళ్లు చూసి కంగారు పడొద్దు, ఆ రంగు గోరు లోపల ఉంటుంది, జెల్‌కి అడ్డు రాదు, లేత న్యూడ్ షేడ్లు మాత్రం దాని మీద వేరే రంగులా కనిపిస్తాయి, ఒక గోరు మీద వేసి చూపించి ఒప్పుకున్నాకే మిగతావి వెయ్యి.

ఇంకా పసుపు. మన పెళ్లిలో నలుగుకి పసుపు, మంగళస్నానానికి పసుపు, తలంబ్రాలకి పసుపు, పెళ్లికూతురు ఫోన్లో చూపించి అడిగేదేమో గోరు అంచు మాత్రం తెల్లగా ఉండే ఫ్రెంచ్ టిప్. తలంబ్రాలు పోసుకున్నాక క్లోజప్ ఫోటోల్లో ఆ తెలుపు లేత పసుపులోకి తిరిగిపోయి ఉంటుంది, జెల్ టాప్ కోట్ కూడా పసుపు మరకని పట్టుకుంటుంది. ఇది ముందే చెప్పేవాళ్లు తక్కువ. నువ్వు చెప్పు, పెళ్లికూతుర్ని చేసే రోజు కార్యక్రమాలు అయ్యాక సాయంత్రం గోళ్లు పెట్టుకోమను, తెలుపే కావాలంటే మరక పడితే ఆల్కహాల్‌తో తుడిచి, పైపైన బఫ్ చేసి, మళ్లీ ఒక టాప్ కోట్ వేస్తే పోతుందని చెప్పి రిసెప్షన్ పొద్దున్న అరగంట అదనంగా పెట్టుకో, దాని డబ్బులు ప్యాకేజీలోనే కలిపెయ్. కొత్తలో ఒక్క మెహందీ పెళ్లికూతుర్నే, అదీ పొట్టి గోళ్లతో షిమ్మర్ పింక్ లాంటి రంగుతో ఒప్పుకున్న అమ్మాయినే తీసుకో, పెళ్లికి రెండు మూడు వారాల ముందు ఒకసారి ట్రయల్ వేసి ఎన్నాళ్లు నిలిచిందో చూసుకున్నాకే.

ఆ లేచిపోయిన గోళ్ల ఫోటో దొరికితే నాకు పంపు, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ఏ ల్యాంప్, ఏ బేస్ కోట్, ఎన్ని సెకన్లు పెట్టావో కూడా రాయి, ఎక్కడ తేడా వచ్చిందో కలిసి చూద్దాం.